లింగన్న ఫిర్యాదుకు జవాబు

లింగన్నా,

సిరిసిల్లలో మా నేత కార్మికుల సహాయ కేంద్రానికి ఈరోజు కొత్త కంప్యూటర్ పద్ధతి పెట్టాను. ఎవరి మెయిల్ వచ్చినా ఫిర్యాదు నంబరు పడుతుంది, జవాబు దానంతట అదే పోతుంది. ఎవరూ తెరవని పాత మెయిళ్లను అందులో కలిపితే, మొదటి నంబరు నీ మెయిల్‌కే పడింది. అందులో ఉన్నది ఇంతే:

"నూలు దుమ్ముకు దమ్మాడుతలేదు తమ్మీ, దవాఖాన కార్డు ఇప్పియ్యి."

ఆ మాట నోటితో చెప్పడానికి నువ్వు రెండుసార్లు వచ్చావు. "గిట్ల చెప్తే కాదన్నా, మెయిల్ పెట్టు" అన్నది నేనే.

కాసేపటికి నీ ఫోన్ నుంచి వదిన మాట్లాడింది.

"మీ ఆఫీసు నుంచి మెయిల్ అచ్చింది తమ్మీ. రెండు దినాలల్ల చూస్తరట. మీ అన్న పోయి ఏడాదాయె గదా, ఇగ ఎవల్ని చూస్తరు?"

రెండు రోజుల్లో చూస్తామన్న ఆ వాక్యం పొద్దున నేను రాసిందే, అన్నా.