చెద ముట్టని తలుపు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వంటింటి తలుపు మార్చడానికి వడ్రంగి సత్యంగారు వచ్చారు. మొన్నటి వరదకి చెమ్మ పట్టి, ఇంట్లో గుమ్మాలూ కిటికీలూ చెదలు తినేశాయి. ఆయన తలుపు మీద ఉలితో కొట్టి చూసి ఆగిపోయారు.

“దీనికేం పూశారండీ? ఒక్క పురుగూ ముట్టలేదు. మార్చకండి.”

జీడితొక్కల నూనె అన్నాను. నువ్వు పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి డబ్బాలో తెచ్చి, కొబ్బరి పీచుతో పూశావు. ఆ ఘాటుకి రెండ్రోజులు అరుగు మీదే తిన్నాం. నిన్ను ఎంత తిట్టానో!

జీడిపిక్కలు కొట్టేముందు నువ్వు చేతులకి ఆముదం, బూడిద రాసుకునేదానివి. అయినా తొక్కలోని ఆ నూనె నీ వేళ్ళని కాల్చేసింది. రేషన్ మిషన్ మీద వేలు పెట్టినప్పుడల్లా “వేలిముద్ర పడట్లేదండి, మళ్ళీ పెట్టండి” అనేవారు. తప్పు నీదే అయినట్టు కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టేదానివి. పక్కన నిలబడి నేను సిగ్గుపడేదాన్ని. ఆ మాట నీకెప్పుడూ చెప్పలేదు.

తలుపు వెనక వేలాడే క్యాలెండర్ని సత్యంగారు తీశారు. దాని కింద, నూనె ఆరకముందే ఎవరో ఆనుకున్నట్టు, ఒక చేతి అచ్చు ఉంది.

“ఎవరిదోనండీ చెయ్యి. చెక్కేసి నున్నగా చెయ్యమంటారా?”

దగ్గరికి వెళ్ళి చూశాను. ఐదు వేళ్ళూ చక్కగా పడ్డాయి. వాటి మీద గీతలు మాత్రం ఒక్కటీ లేవు.

“వద్దండి,” అన్నాను. “మా అమ్మది.”