నాన్న మెడలో పావు వంతు

అమ్మకు సాష్టాంగ నమస్కారాలు.

నీ భర్తగారిని స్కానింగు గదిలోకి ఈడ్చినందుకు, ఆయన ఇస్త్రీ చొక్కా నలిపినందుకు, లోకంలో వైద్యమనేది కనిపెట్టినవాళ్లందరి తరఫునా ముందుగా నీ పాదాలు పట్టుకుని క్షమాపణ వేడుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమం. నాన్న కూడా తాను క్షేమమనే అంటున్నారు, మా బాధంతా అదే.

ఫోనుండగా ఉత్తరాలేమిట్రా అని అడిగావు. ఫోనులో నువ్వే మాట్లాడతావు కనుక. అక్క కానుపయ్యేదాకా నువ్వు అక్కడే ఉండు. బాబాయి అక్కడికి వస్తున్నాడు, ఇది ఆయన చేతికే ఇస్తున్నాను.

కారు సీటు బెల్టు గీరుకున్నంత మాత్రాన ఆసుపత్రా అనీ అడిగావు. కారు గుద్దుకున్నప్పుడు ఆ బెల్టు ఒత్తిడికి, మెడలోంచి మెదడుకు రక్తం మోసే నాళం లోపలి పొర చిట్లింది. చిట్లినచోట గడ్డకట్టి పైకి పోతే పక్షవాతం. అందుకే మా స్కానింగు డాక్టర్లం దానికి గ్రేడు వేస్తాం. దారి పావు వంతు లోపు సన్నబడితే ఒకటి, పావుకు చేరినా దాటినా రెండు. గోడ ఉబ్బితే మూడు, దారి పూర్తిగా మూసుకుపోతే నాలుగు, నాళమే తెగిపోతే ఐదు. బడి మార్కులు కావు, ఎక్కువొస్తే సంబరపడ్డానికి.

నాన్నది రెండు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటూ వార్డులో ఉండాలి. ఆయనేమో సంచి సర్దుకుని మంచం అంచున కూర్చున్నారు.

"మాత్ర వేసుకోండి నాన్నా."

"నిన్న గ్రేడు ఒకటన్నావుగా?"

"ఇప్పుడు రెండు."

"రాత్రికి రాత్రి పెరగడానికి అదేమన్నా ఉల్లిపాయల ధరట్రా?"

గోడకు తల బాదుకుందామనుకున్నాను. ఆ తలకీ స్కాను తీయాలి కదాని మానుకున్నాను. మా పెద్దడాక్టరమ్మే వచ్చి చెబితే, ఛాతీ విరుచుకుని, "మావాడు ఒకటన్నాడండీ. మావాడు తప్పు చెప్పడు" అన్నారు. మూడు పూటల మాత్రలు అలాగే బల్ల మీద ఉండిపోయాయి.

ఇందాక వేసుకున్నారులే. ఎలా ఒప్పించావంటావా? ఆయనకు చెప్పిందే నీకూ చెబుతున్నాను.

సొంతవాళ్ల స్కాను చదవకూడదని మా గదిలో నియమం. నేను చదివాను. నాళం సన్నబడ్డచోట కొలత గీత పెట్టాను, పావు దాటింది. కాస్త జరిపాను, మళ్లీ దాటింది. పావుకు లోపలికొచ్చేదాకా జరిపి, ఒకటని రాసింది నేనే అమ్మా. డాక్టరమ్మ మళ్లీ కొలిచి రెండని దిద్దింది.

నాన్న అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నీళ్లు తేరా" అన్నారు. అంతే.

ఇట్లు,
ఇకమీదట ఇంట్లోవాళ్ల మెడలు కొలవని
నీ కొడుకు