మా అవ్వను తన అవ్వ అని చెప్పింది

బుధవారం రాత్రి, వనపర్తి

పొద్దున హైదరాబాద్ పబ్లిషింగ్ ఆఫీసు నుంచి మేడం ఫోన్ చేస్తే, ఎడిటింగ్ ట్రైనీ ఉద్యోగం వచ్చిందనే అనుకున్నాను. "మీ వ్యాసాన్నే ఇంకో అమ్మాయి ముందే పంపింది. ఆమెను తీసుకున్నాం. కాపీ కొట్టేవాళ్లు మాకు వద్దు" అని ఫోన్ పెట్టేశారు.

కొత్తకోట హైవే మీద అవ్వ లారీలవాళ్లకు సీతాఫలాలు అమ్మిన రోజుల గురించి ఇంగ్లీషులో రాసి, ఉద్యోగం దరఖాస్తుతో పంపిన వ్యాసం అది. ఎం.ఏ.లో నా పక్కన కూర్చునే స్వప్నకు తప్ప ఎవరికీ చూపించలేదు. దరఖాస్తు పెట్టేముందు, తప్పులుంటే దిద్దమని నేనే దానికి పంపాను.

సాయంత్రం హాస్టల్‌కు వెళ్లి అడిగితే అబద్ధమైనా ఆడలేదు.

"నీకు రాసుడొస్తది, ఇంకోటి రాసుకుంటవు. నాకేమొస్తదే? నౌకరి లేకుంటే మా ఇంటోళ్లు మా ఊరు తెలకపల్లికి తోల్కపోతరు."

"ఇంటర్వ్యూల అవ్వ గురించి అడగలేదా?"

"అడిగిన్రు. మా అవ్వనే అని చెప్పిన."

వ్యాసం ఒక్కటే పోయుంటే ఓర్చుకునేదాన్నేమో. ఆ మాట వినగానే మాత్రం వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇంట్లో అవ్వ అడిగింది, "స్వప్న కనవడ్తలేదేందే?"

"దానికి నౌకరొచ్చిందవ్వా."

"మంచిగైంది బిడ్డా! ఒకపారి బువ్వకు రమ్మను."

మేడంకు జరిగిందంతా మెయిల్ రాసి, స్వప్నకు నేను వ్యాసం పంపిన మెసేజ్ కూడా జతచేశాను. పంపితే దాని ఉద్యోగం పోతుంది. పంపకపోతే దొంగ పేరు నాకే ఉండిపోతుంది. చాలాసేపు చూస్తూ కూర్చుని, పంపేశాను.

పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.