ప్రభువు బల్లకు నా జాడీ

1982 ఫిబ్రవరి 15, సోమవారం

రేపు కుప్పం ప్రయాణం. గుడి స్త్రీల సమాజమంతా కలిసి... వంట నేర్చుకోవడానికి! ఈ వయసులో నాకు వంట నేర్పేదెవరు? కుప్పం దగ్గర ద్రాక్షతోటలో ఫ్లోరీనమ్మ అని మంగుళూరు ఆవిడ ఉందట, కేకులు, కాల్చిన కోడి నేర్పుతుందట. పాస్టరమ్మ బలవంతం. "మీరు రాకుంటే ఎట్లా రాహేలమ్మా, మాకు పెద్ద దిక్కు గదా..." సరే అన్నాను.

సుగుణా, రాయి. నాకు అక్షరం రాదు. నీ బడిలో ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది. కోడలివి, పైగా పంతులమ్మవి. మాట దిద్దితే దిద్దు, సంగతి దిద్దకు.

జాడీ సిద్ధం. నల్లద్రాక్ష చిదిమి, బెల్లం, పిడికెడు గోధుమలు, లవంగాలు, కాచి చల్లార్చిన నీళ్లు. మూతికి గుడ్డ కట్టి గది మూలలో పెట్టాను. మార్చి మొదటి ఆదివారానికి, ఆ తర్వాత ఏప్రిల్ మొదటి ఆదివారం బదులు మంచి శుక్రవారం ముందటి గురువారానికి — గుడిలో రొట్టె విరిచి తలా ఒక గుక్క రసం పోసే రెండు బల్లలకూ సరిపోతుంది. మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన పని. గుడిలో మరొకరిని తాకనివ్వలేదు. రోజూ పొద్దున కీర్తన పాడుతూ చెక్క గరిటెతో తిప్పాలి. నేను లేనప్పుడు దావీదు తిప్పుతానన్నాడు. ఏ పని చెప్పినా గొణిగే నా కొడుకు, జాడీ అంటే మాత్రం ముందే లేస్తాడు. కడగడం కూడా వాడే. భక్తి.

ఫిబ్రవరి 18, గురువారం

వచ్చాను. సంచి దించకముందే నిన్ను కూర్చోబెట్టాను సుగుణా, రాయి.

మొదటి రోజు బాగానే ఉంది, అబద్ధం ఎందుకు. పెద్ద గుండిగలో ఇసుక పోసి, అందులో గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు వేసి కేకు కాల్చింది ఫ్లోరీనమ్మ. కోడి పొట్టలో రొట్టె ముక్కలు, ఎర్రగడ్డలు కుక్కి కుట్టేసింది. మిరపకాయ లేదు! జ్ఞానమ్మ — మా సమాజం కార్యదర్శి, నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి — అన్నీ ముందే తెలిసినట్టు తల ఊపుతూ కూర్చుంది.

రెండో రోజు భోజనాలయ్యాయి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. చిన్న చిన్న గాజు గ్లాసులు. సీసాలు. పక్కన ఒక ఇత్తడి బొచ్చె.

"ఇది మా తోట వైను. వాసన చూడండి, నోట్లో తిప్పండి. మింగడం వద్దంటే ఈ బొచ్చెలో ఉమ్మేయండి. వంటకు ఏది తగునో నాలుకకు తెలియాలి గదా."

ఆడవాళ్లంతా కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. నావైపు చూశారు. చూడరా మరి? సారాయి అంగడి ముందు నేను పగలగొట్టిన కుండల్ని మా వీధి మరచిపోలేదు. తాగి వచ్చిన కన్నకొడుకు దావీదును గడప బయట నిలబెట్టి, బైబిలు మీద చెయ్యి వేయించాకే లోపలికి రానిచ్చినదాన్ని. సమాజంలో అందరి చేతా మద్యం ముట్టమని ప్రమాణం చేయించింది నేనే.

లేచాను. "ప్రమాణం చేసినోళ్లం మేము. మా నోట్లో యాల పోస్తావమ్మా ఈ పాపం?"

"ద్రాక్షపండే కదమ్మా. పాపం ఎక్కడ?"

"అట్లనా? ఇటివ్వు. అందరి ముందరా నోట్లో పోసుకోని ఉమ్మి సూపిస్తా, ఇదెంత గలీజో."

పోసుకున్నాను.

ఉమ్మలేదు.

నాలుకకు తెలిసిన రుచి. ఆ పులుపు, వెనకాల ఆ తీపి, గొంతు దిగేటప్పుడు ఆ వెచ్చదనం... మింగేశాను. నోరు దానంతట అదే అనేసింది — "ఇది నా రసం!"

ఎట్లా చేస్తావని అడిగాను. ఫ్లోరీనమ్మ చెప్పింది — పండు చిదమడం, చక్కెర, గోధుమలు, గుడ్డ కట్టడం, రోజూ తిప్పడం, వారాల తరబడి మాగనివ్వడం. నా జాడీని పక్కన పెట్టుకుని చెబుతున్నట్టే ఉంది.

"మత్తుంటుందా దీంట్లో?"

"ఉండదా మరి! మాగింది కదా. బాగా మరిగిస్తే పోతుంది. ఎవరు మరిగిస్తారమ్మా, ఇంత కష్టపడి?"

నవ్వింది. ఆమెకేం తెలుసు.

జ్ఞానమ్మ గొంతు వెనకనుంచి — "అంటే అక్కా... ఇన్నేండ్లు మనం బల్ల దగ్గర తాగింది..."

"గమ్మునుండు జ్ఞానా!" — పాస్టరమ్మ.

నాకెట్లా తెలుస్తుంది? మద్యం నాలుక మీద పెట్టి ఎరగను. మత్తు ఎట్లా ఉంటుందో తెలియని మనిషికి అది ఉందని ఎట్లా తెలుస్తుంది? బల్ల దగ్గర గుక్క దిగగానే గుండెలో వెచ్చగా అయ్యేది. దేవుడనుకున్నాను.

పుంగనూరులో బస్సు ఆగింది. పాస్టరమ్మ దిగి వేడిపాలు తెచ్చింది. తాగలేకపోయాను. వెనక సీట్లో ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. తిరిగి చూశాను. ఆగింది.

ఫిబ్రవరి 19

జాడీ దగ్గరికి పోలేదు. కీర్తన పాడలేదు. దావీదే తిప్పాడు.

ఫిబ్రవరి 21, ఆదివారం

గుడిలో ఎవరూ నా కళ్లలోకి చూడలేదు. ఇంటికొచ్చి దావీదును పిలిచాను. సైకిలు అంగడి నూనె చేతులతో వచ్చి నిలబడ్డాడు. ఆదివారం కూడా ఎవరిదో చక్రం.

"జాడీ సంగతి నీకు తెలుసునా?"

సుగుణ వైపు చూశాడు. (చూశాడు కదా? రాయి.)

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"తొలి గుక్కకే."

"యాల సెప్పలేదురా?"

"నీకెవురు సెప్తారమ్మా? నీ మొకం సూసి సారాయంగడోడే వీధి మార్చినాడు. నేనెంత?"

నవ్వాడు. చెంప మీద కొట్టబోయాను. చెయ్యి లేవలేదు.

ఇది భక్తి అనుకున్నాను... రోజూ పొద్దున లేచి తిప్పడం, కడగడం...

ఫిబ్రవరి 25, గురువారం

పాస్టరయ్య ఇంటికి వెళ్లాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యా, మీకు ముక్కుండాదా లేదా?"

పాపం, తల వంచుకున్నాడు. ఆయన తండ్రి కూడా ఇదే గుడికి పాస్టరు. ఆయనకూ తెలుసట! "ఆమెతో మనకెందుకురా, ఆమె మనసు శుద్ధమైనది" అని కొడుక్కు చెప్పి పోయాడట.

"మొదటి ఆదివారం గుడి నిండిపోతుంది అమ్మా. నా ప్రసంగానికే వస్తారని అనుకోవాలని నాకూ ఉండేది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం.

అందరికీ తెలుసు. తెల్లమీసాల ముసలాళ్లు ముందు వరుసకు తోసుకుంటూ వచ్చేది అందుకా? కూర్చునే ఓపిక లేదన్న వాళ్లు కూడా ఆ రోజు మోకాళ్ల మీద... ఊరంతా ఎరిగిన సంగతి నా ఒక్కదానికి తెలియదు. నాకు భయపడి. దేవుడికి కాదు, నాకు!

ఫిబ్రవరి 26

అంత భయమా నేనంటే? సుగుణను అడిగాను. రాస్తున్నట్టు తల వంచుకుంది. నేనేమీ చెప్పకుండానే రాస్తోంది.

మార్చి 7, ఆదివారం

ఈసారి నా రసం వద్దన్నారు. జ్ఞానమ్మ బెంగుళూరు నుంచి తెప్పించిన సీసా సిరపు, నీళ్లలో కలిపి పోశారు. పిల్లల జ్వరం మందులా ఉంది. ముందు వరుస ముసలాళ్లు మొహాలు చూసుకున్నారు. దావీదు గుక్క మింగి, గిన్నె వెనక్కి ఇస్తూ నావైపు ఒక్కసారి చూశాడు.

మధ్యాహ్నం అన్నానికి రాలేదు.

వెతుక్కుంటూ నేనే పోయాను. ఎటు పోవాలో కాళ్లకు తెలుసు. సారాయి అంగడి. దాని ఎదురుగా మూసి ఉన్న గుడ్డలంగడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చూస్తున్నాడు. అంతే.

"ఏం చేస్తాండావు ఈడ?"

"ఏమీ లేదమ్మా. ఊరికే కూర్చోనుండా."

నోటి దగ్గర ముక్కు పెట్టాను, అంత బజారులో. ఏమీ లేదు. లేచాడు. వాడు ముందు, నేను వెనక.

మార్చి 8

సుగుణ కలం ఆపేసింది. ఏమ్మే, రాయవే అంటే, కింద పెట్టి —

"అత్తా, నెలంతా ఆయప్ప, నీ కొడుకు, ఆ ఒక్క గుక్క కోసరమే ఆగుతాడు. మొదటి ఆదివారం ఉండాది గదా, ఉండాది గదా అని... అట్లనే ఇన్నేండ్లు నెట్టుకొచ్చినాము."

నేననుకున్నది — నా భయం ఆపింది వాణ్ణి, బైబిలు మీద వేసిన చెయ్యి ఆపిందని. నా జాడీ ఆపిందా? నేను కుండలు పగలగొట్టి వీధిలోంచి తరిమిన దాన్ని, ఇంటి మూలలో గుడ్డ కట్టి పెట్టుకుని, కీర్తనలు పాడి పెంచానా?

ఇది కూడా రాయి. నీ మాట నీ చేత్తోనే రాయి.

మార్చి 20, శనివారం

సమాజం కూర్చుంది. నా సంగతి తేల్చడానికి. చెప్పాను. ఇక్కడ కూడా రాయి, రేపు ఎవరైనా వేరుగా చెబితే ఉంటుంది — నేను తాగుబోతును కాను, మోసగత్తెను కాను. మా అత్త నేర్పినట్టు చేశాను. ఒక్క పండు తక్కువ వేయలేదు, ఈ సంగతి తెలిసేదాకా ఒక్క పొద్దు కీర్తన మానలేదు. తప్పుంటే, తెలిసీ నోరు మూసుకున్న మీ అందరిది. నన్నొక్కదాన్నే నిలబెట్టి అడగడం ఏం న్యాయం?

జ్ఞానమ్మ లేచింది. "తెలీక చేసినావు, ఒప్పుకుంటా అక్కా. ఇంగ తెలిసింది గదా?"

నిలబడ్డదాన్ని కూర్చున్నాను. మొదటిసారి ఆ మనిషి ముందు.

పాస్టరయ్య మెల్లగా — "గురువారం బల్లకు రసం అమ్మదే. మరిగించి తెస్తారో, ఎట్లా తెస్తారో, మేం అడగం..."

అడగరట! అడగకపోవడం వల్లే కదా ఇంత దూరం వచ్చింది!

జ్ఞానమ్మ అడుగుతుందట. మూత తీసి వాసన చూస్తుందట. మత్తు ఉంటే ఆ రోజు సిరపే, నా జాడీ ఇక గుడి గడప తొక్కదు. మరిగించి తెస్తే ఎప్పటిలా నాదే. అందరూ సరేనన్నారు. ఆమెను చూస్తే కోపం రావాలి. రాలేదు. నాకు భయపడని మనిషి ఒక్కతైనా ఉంది.

మార్చి 28, ఆదివారం

దావీదు ఈ మధ్య అంగడి తొందరగా కట్టేసి ఇంటికి వస్తున్నాడు. వచ్చి జాడీ గదిలో కూర్చుంటాడు. ముట్టుకోడు. నేను తిప్పుతుంటే చూస్తాడు. కీర్తన మళ్లీ మొదలుపెట్టాను.

ఏప్రిల్ 2, శుక్రవారం

మరిగిస్తే జాడీ నాకు మిగులుతుంది, ప్రమాణం మిగులుతుంది. వాడి గుక్క పోతుంది. మరిగించకపోతే జాడీ పోతుంది, అప్పుడూ వాడికి గుక్క లేదు.

ఒక లోటా తీసి వేరుగా దాచి, మొదటి ఆదివారం వాడికి ఇంట్లోనే... ఆ ఆలోచన నాదే! నా బుర్రలోదే! నోరు మూసుకున్నాను, ఎవరో విన్నట్టు. కన్నకొడుక్కు నేను పోసి ఇస్తే నాకూ ఆ అంగడివాడికీ తేడా ఏముంది? సుగుణా, ఇది కొట్టేయి.

వద్దు. ఉండనీ.

ఏప్రిల్ 8, గురువారం

సాయంత్రం బల్ల. మధ్యాహ్నమే పొయ్యి వెలిగించాను. పెద్ద గిన్నె తోమి పెట్టాను. జాడీ గుడ్డ విప్పాను — ఆ వాసన ఇల్లంతా. ఇన్నేళ్లూ గుడి వాసన అనుకున్నది.

జాడీ ఎత్తడానికి చేతులు ముందుకు రాలేదు. బరువుకు కాదు.

దావీదు గడపలో ఉన్నాడు. తెల్లచొక్కా, తడిదువ్విన తల. జాడీని చూస్తున్నాడు, నన్ను కాదు. వాడికి నేను ఎప్పుడూ చెప్పడమే కానీ అడగడం లేదు. పెళ్లికి అడగలేదు, సైకిలు అంగడికి అడగలేదు, బైబిలు మీద చెయ్యి పెట్టించినప్పుడు అడగలేదు.

"రా నాయనా. నువ్వే సెప్పు. మరిగించేదా, వద్దా?"

ఉలిక్కిపడ్డాడు. నేను తిట్టినా అంత ఉలిక్కిపడడు.

"నన్నడుగుతాండావా?"

"నిన్నే. ఏమన్నా కొట్టను."

దగ్గరికి వచ్చి జాడీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ జాడీ చుట్టూ వేశాడు, తిప్పేటప్పుడు పట్టుకున్నట్టు. ఎత్తుతాడా, పట్టుకుని కూర్చుంటాడా...

గుడిలో మొదటి గంట కొట్టారు. సుగుణ రాస్తూనే వాడివైపు చూస్తోంది, అక్షరాలు వంకర పోతున్నాయేమో. పోనీ. పొయ్యిలో కట్టెలు బాగా అంటుకున్నాయి. గిన్నె ఖాళీగానే కాగుతోంది. వాడు ఇంకా ఏమీ అనలేదు. ఈసారి నేను కూడా అనను.