హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ గుయ్యిమనడం ఆగింది

తిరుత్తణి, శుక్రవారం రాత్రి

నా భార్య మునెమ్మ పాటలు వినాలని నేను చేసిన హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ వారమంతా గుయ్యిమని సతాయించింది. ఎర్త్ వైరును తప్పుచోట సాల్డర్ చేశాను. ఈరోజు మార్చాను, సద్దు పోయింది. ఈ పని ఇంకెవడి చేతనవుతుంది!

హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టి, "ఎట్లుండాదే?" అన్నాను.

నా పెదాల వైపే చూసి, "సూపరా ఉండాది మామా! గుయ్యిమనేది నిలిచిపోయినాది. పాట శానా బాగుండాది" అంది.

పిన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. ఆంప్లిఫయర్‌కు గుచ్చనేలేదు.

మరమగ్గాల మోతలో పనిచేస్తూ వయసంతా ఒకరి పెదాలు ఒకరం చూసే మాట్లాడుకున్నాము. ఇంట్లోనూ అదే అలవాటు. ఆమెకు చెవులు ఎప్పుడు పోయాయో, పక్కనే ఉండి నేను కనిపెట్టలేకపోయాను.

ఆమె నవ్వుతూ తలూపుతూనే ఉంది. ఆ పిన్ను గుచ్చి చూసే ధైర్యం నాకు లేకపోయింది.