చివరి పేజీ చదవలేదు

నోమాన్ అన్నయ్యా,

ఈ ఉత్తరం జైలువాళ్లు నీకిస్తే, చదివి తిట్టకు. యుద్ధం వల్ల మన హలబ్ నగరంలో గ్యాస్ లేక రెండు నెలలైంది. అమ్మ నీ పుస్తకాలతోనే రొట్టెలు కాలుస్తోంది.

"వాడు ముచ్చటపడి కొన్నవి చదవకుండా కాలిస్తే పాపం. చదివేసి ఇటివ్వు" అంటుంది. బడి ఎలాగూ లేదు, రోజుకొకటి చదివాను.

ఓడ నవల మార్జిన్లో నువ్వు పెన్సిల్‌తో "చెత్త" అని రాశావు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నువ్వు మెచ్చుకున్న కవిత్వాన్ని నేనే పొయ్యిలో పడేశాను.

ఇక హత్య నవల ఒక్కటే మిగిలింది. నీ చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు.

"అయిందా?" అని అమ్మ రోజూ అడిగేది.

"ఇంకో పేజీ ఉందమ్మా" అనేదాన్ని. ఆ పేజీ నేను చదవను. హంతకుడెవరో నువ్వొచ్చి చెప్పాలి.

నిన్న అమ్మ అడగలేదు. తన కుర్చీ విరగ్గొట్టి పొయ్యి రాజేసింది.

నీ చెల్లి