కుడి వైపు తీగ

రేవులో కొయ్యల మేస్త్రి అని పిలిపించుకుంటూ, నలభై నాలుగేళ్లుగా పడవల మీద తెరచాప కట్టే కొయ్యలు నిలబెట్టి, వాటిని పట్టి ఉంచే ఉక్కు తీగలు బిగించి బతికిన నేను, అరవై తొమ్మిదో ఏట, ఒకరి బలవంతం గానీ ప్రలోభం గానీ లేకుండా, మత్తు ముట్టకుండా, తెలివి నిలకడగా ఉండగా, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసింది ఒకటి బీరువాలో ఉంది. అది అబద్ధాల పుట్ట. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

1. షెడ్డు, దాని మీది రెండు గదులు, వాటిలోని సామాను యావత్తూ నా తదనంతరం నా భార్యకు చెందుతాయి. దాన విక్రయాది సర్వహక్కులూ ఆమెవే. పదకొండేళ్లుగా ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. "గ్యాస్ అయిపోయింది." "ఆ చొక్కా ఉతకాలి, విప్పండి." తన తమ్ముడి చెయ్యి విరగ్గొట్టినవాడి పక్కన నిద్రపట్టదని రెండో గదిలో పడక వేసుకుంది. ఆమెది తప్పనను. ఆ గది కిటికీ రెక్క ఊడిపోయేలా ఉందని మూడేళ్లుగా చెబుతోంది. నిన్న బిగించాను.

2. మా అన్నకు ఏమీ లేదు. నా కూతురి శవం ఇంట్లో ఉండగానే, విరిగిన కొయ్యను తుక్కుకిస్తావా అని అడిగిన మహానుభావుడు. అప్పుడు నా రెండు చేతులకూ బేడీలున్నాయి కాబట్టి బతికిపోయాడు.

3. నా ముప్ఫై అడుగుల పడవ, పనిముట్లన్నీ నా బావమరిదికి, అంటే నా భార్య తమ్ముడికి చెందుతాయి. కారణం రాయకపోతే దానం చేశాననుకుంటారు. దానం కాదు.

పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం, దూరప్రయాణానికి బయలుదేరే ముందు, ఆ పడవ కొయ్యను ముగ్గురం సరిచేశాం. నేను, బావమరిది, ఇరవై నాలుగేళ్ల నా కూతురు. కొయ్యకు కుడి ఎడమల తీగలుంటాయి. ఒక పక్క ఎన్ని చుట్లు బిగిస్తే రెండో పక్కా అన్నే బిగించాలి, లేదంటే కొయ్య ఒరుగుతుంది. తీగ అడుగున ఉండే బిగింపు మర తనంతట తాను తిరిగిపోకుండా చిన్న పిన్ను గుచ్చి దాని రెండు కాళ్లూ వంచాలి. ఎడమ వైపు నాది, కుడి వైపు బావమరిదిది. నా కూతురు కొయ్య మొదట్లో నిలబడి కన్ను పైకి పెట్టి చూసింది. "మామయ్యా, నీ వైపు సరిపోయింది. ఇంక ముట్టుకోకు" అంది.

నాలుగు గంటలపాటు గాలి ఎడమ వైపు నుంచే కొట్టింది. అంతసేపూ కుడి తీగలు వదులుగా అదురుతూ ఉన్నాయి. తర్వాత చుక్కాని దగ్గర నుంచి నా కూతురు, "నాన్నా, తిప్పుతున్నా" అంది. పడవ తిరిగింది. గాలి బరువంతా కుడి వైపు పై తీగ మీద పడింది. మర ఊడింది, తీగ కొరడాలా లేచింది, కొయ్య నడిమికి విరిగి ఆమె మీద పడింది. విరిగిన అంచు మెడ చీల్చింది.

నేను కుడి వైపుకు పాకి చూశాను. మరలో పిన్ను లేదు. వెనక్కి తిరిగేసరికి బావమరిది నా కూతురి తల ఒళ్లో పెట్టుకుని, మెడ గాయాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని ఉన్నాడు. అతన్ని జుట్టు పట్టి ఈడ్చాను. అతని కుడి చేతిని పడవ అంచున పెట్టి, తాళ్లు చుట్టే యంత్రం ఇనప పిడితో కొట్టాను. కోర్టులో ఆరు దెబ్బలన్నారు. నాకు గుర్తున్నది ఎముకలు నలిగిన చప్పుడే. "పిన్ను పెట్టాను బావా, ఒట్టు, పెట్టాను" అంటూనే ఉన్నాడు. ఆ మాట అన్నకొద్దీ కొట్టాను. అతని అరచేతిని నేను లాగేసిన ఆ మెడ గాయంలోంచే నా కూతురి ప్రాణం పోయింది.

పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాను. బయటికొచ్చాక రేవంతా నా మీదే జాలిపడింది. అతనికి మాత్రం ఎవరూ కొయ్య ముట్టుకునే పని ఇవ్వలేదు.

4. ఈ కాగితానికి దారంతో కుట్టిన పిన్ను చూడవలసినది. అది నా పాత వానకోటు జేబులో దొరికింది. కాళ్లు రెండూ ఒకే పక్కకు వంచి, మళ్లీ తిన్నగా లాగిన గుర్తులున్నాయి. అలా ఒకే పక్కకు వంచేది మా రేవులో బావమరిది ఒక్కడే. ఆ ఉదయం అతను తాగే నీళ్ల డబ్బాలు సర్దడానికి లోపలికి దిగినప్పుడు, నేను అతని వైపుకు వెళ్లి పిన్ను పీకి, ఇంకో అర చుట్టు బిగించాను. నా చెయ్యి పడితే తప్ప పని పూర్తి కాదనే పొగరు. అంతలో లంగరు ఎత్తమని నా కూతురు పిలిచింది. పిన్ను జేబులో పడేసుకున్నాను. మరిచిపోయానో, మరిచిపోవాలనుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. అయితే దొరికాక కూడా నాలుగేళ్లు దాచాను. అది మరుపు కాదు.

5. నా కూతురి చేతి తొడుగులు బావమరిది కూతురికి ఇవ్వవలసినది. ఈ ఏడే చుక్కాని పట్టడం నేర్చుకుంటోందని విన్నాను. బొటనవేలి దగ్గర ఊడిన కుట్టు వేయించాను. అమ్మా, పాత తీగలన్నీ మార్చాకే పడవ కదిలించు. ముందు చేత్తో బిగించు, తర్వాతే పానా పట్టు. ఒకరు పెట్టిన పిన్ను ఇంకొకరు తీయాల్సి వస్తే, పడవ మీదున్న అందరికీ వినపడేలా చెప్పి తీయాలి.

6. దీన్ని అమలు జరిపే బాధ్యత తెరచాపలు కుట్టే ఆవిడది. నా మొహం మీదే నన్ను మూర్ఖుడన్న మనిషి రేవులో ఆవిడొక్కతే.

7. మొన్న మంగళవారం పొద్దున, బావమరిది కాపలా ఉండే గేటు గదికి పిన్ను పట్టుకెళ్లి అంతా చెప్పాను. వేళ్ల మధ్య తిప్పి చూసి, "నేను వంచిందే" అన్నాడు. ఎడమ చేత్తో మొహం మీద గుద్దాడు. పడ్డాక డొక్కలో తన్నాడు. రెండు పళ్లు ఊడాయి, ఒక పక్కటెముక విరిగింది. నేను అడ్డుపడలేదు. నా కుడి చేతిని బల్ల మీద పరిచి, గేటు గడియ కడ్డీ ఎత్తాడు. "మా అక్కకి తెలుసా" అని అడిగాడు. తెలియదన్నాను. కడ్డీ దించి, "ముందు అంతా రాయి. అక్కతో చదివించు. సంతకం పెట్టాక రా, ఈ చెయ్యి సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఈ ఉదయం నా భార్య ఇదంతా చదివింది. రెండోసారి కూడా చదివింది. కాగితాలు మడిచి నా ముందు పెట్టి, "ఇంకా ఇక్కడే కూర్చున్నారేం" అంది.

సంతకం కాగానే గేటు గదికి వెళుతున్నాను.

2025 మార్చి 14, శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నర

(సంతకం) కొయ్యల మేస్త్రి, కుడి చేత్తో

సాక్షులు:
1. పళ్ల డాక్టరు. నా నోరు బాగులేదు గానీ బుద్ధి బాగానే ఉందని చెప్పి సంతకం చేశారు.
2. రేవు క్రేను డ్రైవరు. విరిగిన కొయ్యను ఆ రోజు ఒడ్డుకు దించింది ఇతనే.